పేరు అడగకుండా అనుమతి ఇవ్వగలమా? ఏసీ చాంబర్లలోని వైర్‌లెస్ సెన్సర్లు, రైతు గోప్యత

బ్రాడీపేట నెట్‌వర్క్స్ (చర్చ ప్రారంభం), సోమవారం రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వ చేసే ఏసీల్లో ఉష్ణోగ్రత, తేమ కొలిచే వైర్‌లెస్ సెన్సర్లు అమర్చే పని నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను. శీతల గిడ్డంగిని మా వైపు అందరూ ఏసీ అనే అంటారు కాబట్టి ఇక్కడ కూడా ఆ మాటే వాడుతున్నాను. గత సీజనులో మా ఇంట్లోనే జరిగిన ఒక విషయం నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వడం లేదు. దాని మీద మీ అందరి ఆలోచన కావాలి.

మా మేనమామ నూట నలభై టిక్కీల (గోతాల) తేజ రకం మిర్చి కాయను ఒక ఏసీలో పెట్టారు. ఆ ఏసీ ఇచ్చిన యాప్‌లో బాండు (సరుకు పెట్టినందుకు ఏసీ ఇచ్చే రశీదు) నంబరు, పిన్ కొడితే తన సరుకున్న ర్యాకు దగ్గరి రీడింగు ఫోనులో కనిపిస్తుంది. జూలైలో అమ్మాయి కాలేజీ ఫీజు గడువు దగ్గర పడటంతో, సరుకు ఇప్పుడే తీయాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అని ఆలోచిస్తూ ఆయన మూడు రోజుల్లో ఆరుసార్లు ఆ రీడింగు చూసుకున్నారు. నాలుగో రోజు పొద్దున్నే, అంతకు ముందు ఎన్నడూ గడప తొక్కని ఒక కొనుగోలుదారుడు ఇంటికి వచ్చి, "సరుకు తీస్తున్నారట కదా" అంటూ యార్డు ధర కంటే బాగా తగ్గించి బేరం మొదలుపెట్టారు. మామయ్య ఈ మాట అత్తయ్యతో కూడా అనలేదు. అవసరంలో ఉన్నాడని తెలిసిపోయిన రైతుకు బేరంలో నిలబడే బలం ఏముంటుంది? సరుకు ఆ వారమే, ఆ ధరకే పోయింది.

తరువాత నేను ఆ ఏసీ ఆఫీసుకు వెళ్లి చూశాను. సందర్శకులు కూర్చునే బల్లకు ఎదురుగా ఉన్న తెర మీద లాగ్, అంటే యాప్‌లో ఎవరు ఎప్పుడు ఏం చూశారో రాసుకునే చిట్టా, కదులుతూ ఉంది. అందులో ఒక వరుస నాకు ఇప్పటికీ కంఠస్థం: బాండు 2217, చాంబర్ 4, ర్యాకు 31, ఉదయం 5.12, రీడింగు చూశారు. ఆ గడులన్నీ పెట్టి ఆ సాఫ్ట్‌వేర్ రాసింది నేనే. సెన్సర్ రీడింగును పరాయివాళ్లు చూడకుండా ఎలా కాపాడాలో నెలల తరబడి ఆలోచించాను గానీ, ఆ రీడింగు చూసే మనిషిని ఎలా కాపాడాలో ఒక్క పూట కూడా ఆలోచించలేదు.

అందుకే అడుగుతున్నాను. అడుగుతున్నది ఎవరో తెలుసుకోకుండానే, అడిగే హక్కు అతనికి ఉందని మాత్రం సెన్సర్ తేల్చుకోగలదా?

చాంబర్ ఇంజనీరు, సోమవారం రాత్రి 10.05

మీ మామయ్య గారికి జరిగినది అన్యాయమే. ఆ తెర అక్కడ ఉండకూడదు, అందులో రెండో మాటకు తావు లేదు. అయితే పేరు లేకుండా అనుమతి ఇవ్వడం అనేది, రోజూ ఏసీ నడిపే నాలాంటి వాడికి వెంటనే మింగుడుపడదు. సరుకు పాడైందని తగాదా వస్తే ఎవరు ఎప్పుడు ఏం చూశారో మేము చూపించాలి. బాండు మీద బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు మనిషికి కూడా చూసే హక్కు ఉంటుంది. సరుకు తీసుకుపోయిన రోజున ఆ రైతుకున్న హక్కు ఆగిపోవాలి. పేరే తెలియకపోతే ఇవన్నీ ఎలా సాగుతాయి?

పటమట లెక్కల మాస్టారు, మంగళవారం ఉదయం 6.30

ఇక్కడ రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. "నీవు ఎవరు" అన్నది ఒకటి, "నీకు హక్కు ఉందా" అన్నది మరొకటి. విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సు ఎక్కినప్పుడు చెకింగ్ అధికారి టికెట్ చూస్తారు గానీ మన ఇంటిపేరు అడగరు. టికెట్ అసలుదని తేలితే చాలు. యాప్‌లో బాండు నంబరు కొట్టించుకునే పద్ధతిలో మనం టికెట్‌కు బదులు ఇంటిపేరే అడుగుతున్నాం.

అయితే కంప్యూటర్ టికెట్‌కు ఒక చిక్కు ఉంది. టికెట్ ఇచ్చే యజమాని దాని నంబరు రాసిపెట్టుకుంటే, రేపు అదే నంబరు సెన్సర్ దగ్గర కనిపించగానే ఎవరికి ఇచ్చిందో తెలిసిపోతుంది. టికెట్ మీద ఏముందో చూడకుండానే యజమాని దాని మీద సంతకం చేయాలి. వినడానికి అసాధ్యంగా ఉన్నా, డేవిడ్ చామ్ 1982లోనే దీనికి దారి చూపారు. దానిని బ్లైండ్ సిగ్నేచర్ అంటారు, మనం గుడ్డి సంతకం అనుకోవచ్చు. ఆయన చెప్పిన పోలిక కూడా అందరికీ అర్థమయ్యేదే: లోపల కార్బన్ పూసిన కవరులో కాగితం పెట్టి అంటించి ఇస్తే, యజమాని కవరు మీద సంతకం చేస్తాడు, ఆ సంతకం లోపలి కాగితం మీద పడుతుంది. ఇంటికి వెళ్లి కవరు చింపి పారేస్తే సంతకమున్న కాగితం మన చేతిలో ఉంటుంది. ఆ కాగితాన్ని యజమాని ఎన్నడూ చూసి ఉండడు.

చిన్న అంకెలతో చేసి చూపిస్తాను, కలం కాగితం తీసుకొని మీరూ వేయండి. యజమాని అందరికీ ప్రకటించిన అంకెలు 33, 3. తన దగ్గర రహస్యంగా దాచుకున్నది 7. రైతు తన టోకెన్‌గా, అంటే కంప్యూటర్ టికెట్‌గా, 5 అనుకున్నాడు. దానిని దాచడానికి 2 అనే మరో అంకె ఎంచుకున్నాడు. 2ను మూడుసార్లు గుణిస్తే 8, దానిని 5తో గుణిస్తే 40, దానిని 33తో భాగిస్తే శేషం 7. రైతు ఆ 7ను మాత్రమే యజమానికి పంపుతాడు. యజమాని తన రహస్య అంకె ప్రకారం 7ను ఏడుసార్లు గుణించి, 33తో భాగించగా మిగిలిన 28ని తిరిగి ఇస్తాడు. ఇప్పుడు రైతు తాను కలిపిన 2ను తొలగించుకోవాలి. 33తో భాగించే లెక్కలో 2ను రద్దు చేసే అంకె 17, ఎందుకంటే ఆ రెండింటి లబ్ధం 34, శేషం 1. కాబట్టి 28ని 17తో గుణిస్తే 476, శేషం 14. రైతు చేతిలో ఉన్న సంతకం ఈ 14.

ఇక చాంబర్ దగ్గర సెన్సర్‌కు 5, 14 చూపిస్తాడు. సెన్సర్ 14ను మూడుసార్లు గుణిస్తే 2,744, దానిని 33తో భాగిస్తే శేషం సరిగ్గా 5. టోకెన్ అసలుదే. యజమాని చూసినది 7, ఇచ్చినది 28. సెన్సర్ చూసినది 5, 14. రెండు వైపుల పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసినా ఏ 7 ఏ 5గా మారిందో చెప్పలేరు, ఎందుకంటే దాచడానికి వాడిన 2 రైతుకు తప్ప ఎవరికీ తెలియదు. నిజమైన అమలులో ఈ అంకెలకు వందల స్థానాలు ఉంటాయి, టోకెన్‌కు నేరుగా కాక దాని హ్యాష్‌కు, అంటే దాని నుంచి లెక్కించి తీసిన పొట్టి గుర్తుకు, సంతకం చేస్తారు. అసలు కీలకం మాత్రం ఇదే.

ఏటుకూరు రైతుబిడ్డ, మంగళవారం ఉదయం 8.15

మాస్టారు, మీరు చెప్పిన లెక్క కాగితం మీద వేశాను, 5 వచ్చింది. చాలా సంతోషం కలిగింది. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. టికెట్‌ను జిరాక్స్ తీసి పదిమందికి పంచితే ఎలా పట్టుకుంటారు? పేరు లేదు కాబట్టి పట్టుకున్నా ఎవరిని అడుగుతారు? రెండోది, నేను ఈ నెల యాభై టోకెన్లు కొన్నాననుకోండి, పక్కవాడు మూడే కొన్నాడు. ఇతను సరుకు తీయబోతున్నాడని ఆ లెక్క చూసే ఊహించవచ్చు కదా?

ఆటోనగర్ సర్క్యూట్, మంగళవారం మధ్యాహ్నం 1.40

రైతుబిడ్డ గారి మొదటి సందేహమే ఈ పద్ధతిలో బరువైన భాగం. వాడిన టోకెన్లను సెన్సర్లు గుర్తుపెట్టుకోవాలి, రెండోసారి వస్తే తిప్పికొట్టాలి. గుర్తుపెట్టుకోవడానికి వాటికి ఉన్న చోటు ఎంతో చూడండి. పరిశోధనల్లో ఎక్కువగా వాడిన టెలోస్‌బి అనే నోడులో (సెన్సర్, రేడియో, చిన్న కంప్యూటర్ కలిసిన పరికరాన్ని నోడు అంటాం) పని చేసే జ్ఞాపకం 10 కిలోబైట్లు, ప్రోగ్రాముకు 48 కిలోబైట్లు, అంతే. ఒక చాంబర్‌లో పదకొండు మంది రైతుల సరుకు ఉండి, మనిషికి నెలకు ముప్పై టోకెన్లు ఇచ్చామనుకుంటే మొత్తం 330. ఒక్కోదాని హ్యాష్ 20 బైట్లు పెట్టి దాచితే 6,600 బైట్లు అవుతుంది, అంటే ఉన్న చోటులో సుమారు మూడింట రెండు వంతులు దానికే పోతుంది. రీడింగులు తీసే ప్రోగ్రాముకు ఊపిరాడదు.

దీనికి బర్టన్ బ్లూమ్ 1970లో చెప్పిన ఉపాయం బాగా పనికి వస్తుంది. టోకెన్‌ను దాచకుండా, దాని హ్యాష్‌లు చూపిన కొన్ని బిట్లను మాత్రం 1గా మార్చి ఉంచుతాం. నూటికి ఒక పొరపాటు వరకు ఒప్పుకుంటే ఒక్కో టోకెన్‌కు పది బిట్ల లోపే సరిపోతుంది. 330 టోకెన్లకు దాదాపు 400 బైట్లు. వాడిన టోకెన్‌ను ఇది ఎప్పుడూ "కొత్తది" అనదు. కొత్త టోకెన్‌ను మాత్రం అప్పుడప్పుడు "వాడినది" అనవచ్చు, అది కూడా నెలాఖరులో పట్టిక నిండిన తరువాత. అప్పుడు నిజాయతీపరుడైన రైతు ఇంకో టోకెన్ ఇవ్వాల్సి వస్తుంది, కాబట్టి ఆ నష్టానికి సరిపడా ముందే అదనంగా రెండు టోకెన్లు ఇవ్వాలి.

ఒక నోడు దగ్గర వాడిన టోకెన్‌నే పక్క నోడు దగ్గర వాడితే అన్న ప్రశ్న మిగిలి ఉంది. ప్రతి నోడూ చాంబర్ అంతటికీ చాటితే బ్యాటరీ నిలవదు. అందుకని టోకెన్ హ్యాష్‌ను బట్టి "ఈ టోకెన్‌కు సాక్షి తొమ్మిదో నోడు" అని ముందే తేలేలా చేస్తారు. అడిగించుకున్న నోడు జవాబు చెప్పే ముందు ఆ సాక్షిని ఒక్కదాన్నే అడుగుతుంది.

ఇంకో మాట. ఈ నోడులు మాట్లాడుకునే ఐఈఈఈ 802.15.4 రేడియోలో ఒక ఫ్రేము, అంటే ఒక్కసారికి పంపగల ముక్క, మొత్తం 127 బైట్లు. 1024 బిట్ల ఆర్‌ఎస్‌ఏ (మాస్టారు అంకెలతో చూపిన పద్ధతి) సంతకం ఒక్కటే 128 బైట్లు. ఒక్క బైటు తేడాతో ఒక ఫ్రేములో పట్టదు. పైగా 1024 బిట్లు ఇవాళ భద్రమని ఎవరూ అనరు, 2048కి పోవాలి, అంటే సంతకానికే మూడు ఫ్రేములు. అయినా ఆర్‌ఎస్‌ఏలో సంతకం చేయడం కష్టం గానీ సరిచూడటం తేలిక, మాస్టారు చూపినట్టు మూడుసార్లు గుణించడమే. కష్టమైన పని యజమాని కంప్యూటర్‌ది, తేలిక పని నోడుది కావడం మన అదృష్టం.

చాంబర్ ఇంజనీరు, మంగళవారం రాత్రి 9.10

నోడు జ్ఞాపకం గురించి చెప్పినది బాగుంది. నేను చేత్తో పట్టుకొని చూసే వస్తువు కాబట్టి మరో సంగతి చెబుతాను. ఈ నోడులు గోతాల మధ్య, ర్యాకు కర్రకు ప్లాస్టిక్ తాడుతో కట్టి ఉంటాయి. హమాలీలు టిక్కీలు దించేటప్పుడు అవి ఊడి పడతాయి, కొన్నిసార్లు గోతంతో పాటు బయటికి పోతాయి. బయటపడిన నోడును విప్పి లోపలి రహస్యం తీసేస్తే చాంబర్ అంతా పరుల చేతికి చిక్కుతుంది కదా?

పటమట లెక్కల మాస్టారు, మంగళవారం రాత్రి 9.55

ఈ పద్ధతిలో అది చిక్కదు. టోకెన్ సరిచూడటానికి నోడు దగ్గర ఉండేది 33, 3 లాంటి బహిరంగ అంకెలు మాత్రమే. టోకెన్ తయారు చేయగల 7 యజమాని దగ్గరే ఉంటుంది. వాడిన టోకెన్ల పట్టిక బయటికి పోయినా అందులో పేర్లు ఉండవు. ఇప్పుడున్న పిన్ పద్ధతిలో నోడుకో గేట్‌వేకో (నోడుల రీడింగులు అందుకునే పరికరానికో) పిన్‌ల జాబితా ఇచ్చి ఉంటే, అది పోయిన రోజున అందరి పిన్‌లూ మార్చాలి. ఆ నోడు తన రీడింగును దాచి పంపడానికి వాడే తాళం, అంటే రహస్య అంకె, మాత్రం పోతుంది. అందుకే ప్రతి నోడుకూ వేరు తాళం ఉండాలి, చాంబర్ అంతటికీ ఒకే తాళం పెట్టకూడదు.

మీరు మొదట అడిగిన "హక్కు ఆపడం" గురించి కూడా చెబుతాను. పేరు లేని టోకెన్‌ను మధ్యలో రద్దు చేయడం కుదరదు, అది దీని లోపమే. దానికి చేయగలిగినది యజమాని తన సంతకపు అంకెలను నెలనెలా మార్చడం. చాంబర్‌కు ఒక జత, నెలకు ఒక జత. పాత నెల టోకెన్ కొత్త నెలలో చెల్లదు, వాడిన వాటి పట్టిక కూడా ఒకటో తారీఖున ఖాళీ అవుతుంది. సరుకు తీసుకుపోయిన రైతు మహా అయితే నెలాఖరు వరకు ఆ చాంబర్ తేమ చూడగలడు. దానివల్ల ఎవరికి ఏం నష్టం?

రైతుబిడ్డ గారి రెండో సందేహానికి జవాబు తేలిక. కొనడం అనే మాటే ఉండకూడదు. బాండు ఉన్న ప్రతివారికీ, అడిగినా అడగకపోయినా, నెలకు ఒకే సంఖ్యలో ఇవ్వాలి.

గవర్నర్‌పేట వకీలు, బుధవారం ఉదయం 7.45

చర్చ మొదటి నుంచీ చదివాను. ఇంజనీరు గారు లేవనెత్తిన తగాదాల సంగతికి చట్టం వైపు నుంచి ఒక మాట చెప్పాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ తరువాత వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. ఏ పని కోసం వివరం తీసుకున్నారో ఆ పనికే వాడాలి, పని తీరిన తరువాత చెరిపివేయాలి అన్నది ఆ చట్టం వెనుక ఉన్న మూలసూత్రం. ఉదయం 5.12కు ఫలానా రైతు తన ర్యాకు చూసుకున్నాడన్న వివరం ఏ పనికి కావాలో ఎవరైనా చెప్పగలరా? సరుకు పాడైందా లేదా అన్నది తేల్చేది చాంబర్ ఉష్ణోగ్రత రికార్డు. దానిని ఎవరు చూశారన్న రికార్డుతో ఆ తగాదాకు సంబంధమే లేదు.

నా అభిప్రాయంలో గీత ఇక్కడ గీయాలి. చాంబర్‌లో ఏదైనా మార్చే పనికి, అంటే ఉష్ణోగ్రత సెట్టింగు మార్చడం, తలుపు తీయడం, సరుకు విడుదల చేయడం వంటి వాటికి, పేరు, సంతకం తప్పనిసరిగా ఉండాలి. చూసి ఊరుకునే పనికి పేరు అక్కర్లేదు. చూడటం వల్ల గోతంలోని కాయకు ఏమీ కాదు.

అయినా తప్పనిసరి పరిస్థితిలో పేరు బయటపెట్టగలిగే ఏర్పాటు ఏదైనా ఉందా అని మాస్టారును అడుగుతున్నాను. ఏ వ్యవస్థలోనైనా దుర్వినియోగం జరిగినప్పుడు విచారణకు ఒక దారి ఉండాలి.

పటమట లెక్కల మాస్టారు, బుధవారం సాయంత్రం 5.20

ఉంది వకీలు గారూ. కానీ దానికి ఇచ్చే మూల్యం ఏమిటో కూడా చూడాలి. రివెస్ట్, షమీర్, టౌమన్ 2001లో రింగ్ సిగ్నేచర్ అనే పద్ధతి చెప్పారు. అందులో రైతు తన తాళంతో పాటు మిగిలిన పదిమంది బహిరంగ తాళాలనూ (33, 3 లాంటి ప్రకటించిన అంకెలనూ) కలిపి సంతకం చేస్తాడు. ఈ పదకొండు మందిలో ఒకరు సంతకం చేశారని తేలుతుంది గానీ ఎవరన్నది ఎప్పటికీ తేలదు. యజమాని దగ్గర టోకెన్ తెచ్చుకునే పని కూడా లేదు. కానీ సంతకం పొడవు మనుషుల సంఖ్యతో పాటు పెరుగుతుంది. 1024 బిట్ల తాళాలతో పదకొండు మందికి 1,400 బైట్లు దాటుతుంది. ఆటోనగర్ వారు చెప్పిన ఫ్రేముల్లో అది డజనుకు పైనే. పైగా మీరు అడిగిన విచారణ దారి ఇందులో లేదు.

చామ్, వాన్ హేస్ట్ 1991లో చెప్పిన గ్రూప్ సిగ్నేచర్‌లో ఆ దారి ఉంది. గుంపుకు ఒక పెద్ద ఉంటాడు, కావాలంటే అతను సంతకం విప్పి ఎవరిదో చెప్పగలడు. ఆ పెద్ద ఏసీ యజమానే అయితే మనం మొదటికే వచ్చినట్టు. అప్పుడు విప్పే తాళాన్ని ముక్కలు చేయాలి. షమీర్ 1979లో చూపిన రహస్య విభజన ప్రకారం మూడు ముక్కలు చేసి, ఒకటి యజమానికి, ఒకటి రైతుల ప్రతినిధికి, ఒకటి ఇద్దరూ నమ్మిన మూడో మనిషికి ఇచ్చి, ఏ రెండు కలిసినా విప్పగలిగేలా చేయవచ్చు. ఒక్క ముక్క ఉన్నవారికి ఏమీ తెలియదు, సగం కూడా తెలియదు. లెక్క ప్రకారం ఇది చక్కనిది. కానీ ఒక చాంబర్ తేమ రీడింగు కోసం ఇంత ఏర్పాటు నిలబడుతుందా అన్నది నన్నూ వేధిస్తోంది.

బ్రాడీపేట నెట్‌వర్క్స్, బుధవారం రాత్రి 10.30

మాస్టారు చెప్పినవన్నీ రెండు రోజులుగా నా బల్ల మీద ఉన్న నోడులతో ప్రయత్నిస్తున్నాను. గుడ్డి సంతకపు టోకెన్ సరిచూడటం పని చేస్తోంది. అయినా ఒక విషయం చూసి మనసు చల్లబడిపోయింది, అది మీకు చెప్పాలి.

పేరు తీసేసినా మనిషి కనిపిస్తూనే ఉన్నాడు. ఏసీ వైఫైకి కలిసిన ఫోను తన హార్డ్‌వేర్ చిరునామా చెబుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు అసలు చిరునామాకు బదులు కల్పించినది చెబుతున్నాయి కదా అనుకున్నాను. కానీ మామూలుగా ఆ కల్పిత చిరునామా ఒక్కో వైఫైకి ఒక్కటి చొప్పున స్థిరంగా ఉంటుంది. అంటే అదే ఏసీకి పదిసార్లు వచ్చిన రైతు పదిసార్లూ ఒకే చిరునామాతో కనిపిస్తాడు. ఒక్కసారి మొహం చూసి గుర్తుపెట్టుకుంటే చాలు.

దానికి తోడు మనుషులు తక్కువ. చాంబర్ 4లో పదకొండు మందే. అందులో తేజ పెట్టినవారు నలుగురు. ఆ నలుగురిలో ఎవరో ఒకరు తెల్లవారుజామున 31వ ర్యాకు చుట్టూ అడుగుతున్నారంటే, టోకెన్ మీద పేరు లేకపోయినంత మాత్రాన ఏమి దాగినట్టు? నెలకో చాంబర్‌కో వేరు సంతకం పెడితే ఆ గుంపు ఇంకా చిన్నదవుతోంది. హక్కును ఎంత సన్నగా కొలిస్తే గోప్యత అంత పలచబడుతోంది. దీనికి నాకు జవాబు దొరకడం లేదు.

ఏటుకూరు రైతుబిడ్డ, గురువారం ఉదయం 6.10

అన్నా, నేను పెద్ద చదువులు చదవలేదు. తప్పయితే మాస్టారు దిద్దుతారు. అడగడం వల్లనే కదా ఇదంతా బయటపడుతోంది. అసలు అడగకుండా ఉంటే?

మా చిన్నప్పుడు కాలవకు నీళ్లు వదిలే రోజున ఊళ్లో దండోరా వేసేవారు. డప్పు కొట్టి వీధి వీధికీ చెప్పి వెళ్లిపోయేవాడు. ఎవరు విన్నారో, ఎవరికి ఆ కబురు అవసరమో, డప్పు కొట్టిన మనిషికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఏసీలో సెన్సర్లు చెప్పే మాటను కూడా అలాగే అందరికీ, అన్ని చాంబర్లదీ, వేళ ప్రకారం చెప్పేస్తే సరిపోదా? నాది 31వ ర్యాకు అన్న సంగతి నాకు తెలుసు. నా ఫోనులో నేను చూసుకుంటాను.

ఆటోనగర్ సర్క్యూట్, గురువారం ఉదయం 9.25

తమ్ముడూ, నీవు తప్పు చెప్పలేదు. లెక్క వేసి చూశాను. అరవై నోడులున్న ఏసీలో ఒక్కో నోడుకు ఉష్ణోగ్రత రెండు బైట్లు, తేమ రెండు బైట్లు అనుకుంటే మొత్తం 240 బైట్లు. రెండు ఎస్‌ఎంఎస్‌లంత కూడా లేదు. ఒక్క ర్యాకు రీడింగు దాచడానికి 256 బైట్ల సంతకం మోయించే కంటే, ఏసీ మొత్తం రీడింగులు 240 బైట్లలో అందరికీ పంపేయడం చౌక. దీనికి నోడుల మీద అదనపు బరువు లేదు. అవి ఎలాగూ పావుగంటకోసారి గేట్‌వేకు చెబుతూనే ఉన్నాయి, గేట్‌వేకు కరెంటు ఉంటుంది. అక్కడి నుంచి బాండున్న ప్రతి ఫోనుకూ నాలుగు గంటలకోసారి ఒకే కట్ట వెళ్లాలి. చూసేవాడి ఫోనుకూ, చూడనివాడి ఫోనుకూ ఒకే వేళకు వెళ్లాలి. ఆ వేళ తప్పకపోవడమే ఇందులో ప్రాణం.

అయితే ఇది ఇప్పటి రీడింగుకు మాత్రమే. కొనేవారు నాణ్యత చూడటానికి వచ్చినప్పుడు గత మూడు నెలల చరిత్ర అడుగుతారు. పావుగంటకు ఒకటి చొప్పున రోజుకు 96, తొంభై రోజులకు 8,640 రీడింగులు, ఒక్క నోడుకు 34,560 బైట్లు. అరవై నోడులకు ఇరవై లక్షల బైట్లు దాటుతుంది. అంతటినీ నోడుల రేడియో మీద అందరికీ మోయిస్తే బ్యాటరీలు నిలవవు. చాంబర్ ముందు నిలబడి ఒక ర్యాకు చరిత్ర అడిగే ఆ ఒక్క సందర్భానికి మాస్టారు చెప్పిన టోకెన్ ఉంచుదాం.

పటమట లెక్కల మాస్టారు, గురువారం మధ్యాహ్నం 12.15

రైతుబిడ్డ చెప్పినదానికి దిద్దవలసినది ఏమీ లేదు. ఏది కావాలో చెప్పకుండా ఉండటానికి అన్నిటికంటే సూటి దారి అన్నీ తీసుకోవడమేనని ఈ శాస్త్రంలో కూడా చెబుతారు. డేటా పెద్దదైతే ఆ దారి మూసుకుపోతుంది కాబట్టి మేము వేరే ఉపాయాలు వెతుకుతాం. మన దగ్గర డేటా 240 బైట్లేనన్న సంగతి మూడు రోజులుగా నాకు తట్టలేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ కట్టను బాండుదారులందరికీ ఇచ్చిన ఒకే తాళంతో దాచి ఊరుకుంటే, వారిలో ఎవరైనా అబద్ధపు రీడింగులు తయారు చేసి పంపగలరు. చాంబర్ చల్లదనం పోయిందని వదంతి పుట్టించి, భయపడిన రైతుల సరుకు చౌకగా కొట్టేయడానికి అది చాలు. అందుచేత గేట్‌వే ప్రతి కట్ట మీదా సంతకం చేయాలి. ఎలిప్టిక్ కర్వ్ అనే, ఆర్‌ఎస్‌ఏ కంటే పొట్టిగా ఉండే సంతకం 64 బైట్లు, అంటే మొత్తం 304. కట్టలో వేళ కూడా ఉండాలి, లేకపోతే నిన్నటి కట్టను ఇవాళ మళ్లీ పంపి మోసం చేయవచ్చు.

గవర్నర్‌పేట వకీలు, గురువారం మధ్యాహ్నం 2.00

విచారణ దారి గురించి నేను అడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకుంటున్నాను. అందరికీ ఒకే సమాచారం వెళ్తున్నప్పుడు ఎవరు చూశారన్న విచారణకు ఆస్కారమే లేదు.

చాంబర్ ఇంజనీరు, గురువారం రాత్రి 8.40

ఇవాళ మా యజమాని గారితో గంటసేపు మాట్లాడాను. ఆయనకు మొదట ఉన్న భయం ఒక్కటే. రాత్రిపూట కరెంటు పోయి చాంబర్ రెండు డిగ్రీలు పెరిగితే ఆ సంగతి రైతులందరికీ ఒకేసారి తెలిసిపోతుందని అన్నారు. తెలియాలి కదండీ, సరుకు వాళ్లది అని నేను చెప్పాను. కొంతసేపు ఆలోచించి, జనరేటర్ ఎన్ని నిమిషాల్లో అందుకుందో కూడా ఆ కట్టలోనే కలిపి పంపితే తనకు అభ్యంతరం లేదన్నారు. ఆ షరతు నాకు న్యాయంగానే అనిపించింది.

బ్యాంకు విషయంలో కూడా స్పష్టత వచ్చింది. అప్పు ఇచ్చిన బ్యాంకుకు అదే కట్ట వెళ్తుంది. సరుకు విడుదలకు మాత్రం వకీలు గారు చెప్పినట్టు పేరు, సంతకం ఉంటాయి. చరిత్ర టోకెన్లు నెలకు మనిషికి ఎనిమిది చాలునని మా అంచనా, నూటికి ఒకటి తప్పిపోతుందన్న లెక్క చూసుకొని పది ఇద్దాం.

బ్రాడీపేట నెట్‌వర్క్స్, మూడు వారాల తరువాత, ఆదివారం సాయంత్రం 6.50

ఇంజనీరు గారి ఏసీలో ఒక చాంబర్‌లో మొదలుపెట్టాం. నాలుగు గంటలకోసారి కట్ట వెళ్తోంది. మొదటి వారంలో గడియారం కొద్దిగా వెనకబడి కొన్ని ఫోన్లు కట్టను పాతదిగా భావించి తోసిపుచ్చాయి. గేట్‌వే గడియారాన్ని రోజూ సరిచేసేలా మార్చాక ఆ ఇబ్బంది పోయింది. టోకెన్లు ఇప్పటివరకు ఇద్దరే వాడారు. ఆ ఇద్దరూ ఎవరో నాకు తెలియదు, ఇంజనీరు గారికీ తెలియదు. చరిత్ర అడగడానికి ఫోను వైఫైకి కలవనవసరం లేకుండా, చాంబర్ గుమ్మం దగ్గర అందరూ వాడే ఒక చేతి పరికరం పెట్టాం. కెమెరా దాని వైపు చూడకుండా తిప్పించాం.

మామయ్య ఈసారి సరుకు ఇక్కడ పెట్టారు. నిన్న తెల్లవారుజామున వాకిట్లో కూర్చొని ఫోను చూసుకుంటుంటే పక్కన నేనూ ఉన్నాను. అరవై వరుసలు వచ్చాయి, వేలితో జరుపుకుంటూ తన వరుస దగ్గర ఆగారు, చూసుకొని ఫోను జేబులో పెట్టేశారు. ఏ వరుస దగ్గర ఆగారో ఆ ఫోను కూడా ఎక్కడా రాసుకోలేదు.

పాత ఏసీ వారితో కూడా మాట్లాడాను. ఆ తెర తీసేశారు. రెండు సీజన్ల పాత లాగ్ ఇంకా వాళ్ల కంప్యూటర్‌లో, ఒక బ్యాకప్ డిస్కులో ఉంది. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు రైతుల ఎదుటే ఆ రెండు చోట్లా చెరిపివేయడానికి ఒప్పుకున్నారు. ఆ పని నేనే చేస్తాను. వకీలు గారు, వీలైతే మీరు కూడా రండి, సాక్షి సంతకం కావాలి.